షిఫ్టు చార్టు ముందే పెడితే

రాత్రి నుంచీ ముసురు. శ్రీకాళహస్తి బస్సు ఆలస్యంగా వచ్చింది, లైన్ సగం ఖాళీగానే మొదలైంది. రేణిగుంట దగ్గర మా ఎలక్ట్రానిక్స్ యూనిట్‌లో నా లైన్ మీద దాదాపు అందరూ ఆడపిల్లలే. ఏర్పేడు, పుత్తూరు వైపు నుంచీ వస్తారు.

వచ్చే నెల షిఫ్టు చార్టు ఇవాళే అంటించాం. అందరూ ఫోన్లలో ఫోటో తీసుకున్నారు. ఇదివరకు శనివారం సాయంత్రం పెడితే సోమవారం నుంచి అమలు. "నైటు ఎప్పుడొస్తాదో ముందే తెలిస్తే మా అత్తకు చెప్పుకుంటా గదా సార్, లేకుంటే ఇంట్లో రోజూ పంచాయితీనే" అని ఒకామె ఎప్పటి నుంచో మొత్తుకుంటోంది. ఇప్పుడు షిఫ్టు మార్చుకోవాలంటే ఇద్దరూ మాట్లాడుకుని లైన్ లీడర్ పుస్తకంలో రాస్తే చాలు. చెప్పకుండా మానేయడం బాగా తగ్గింది.

మధ్యాహ్నం టెన్షన్ తగ్గించుకోవడం మీద క్లాసు పెట్టారు. కళ్లు మూసుకుని ఊపిరి పీల్చమన్నారు. నైట్ నుంచి మారిన పిల్లలు నిజంగానే నిద్రపోయారు, పాపం. బయటికొచ్చాక ఒకమ్మాయి "ఈ అరగంట టార్గెట్‌లో తీసేస్తారా సార్?" అనడిగింది. తీయలేదు.

నన్నడిగితే క్లాసు కంటే రిలీవర్, అంటే కాసేపు సీట్లో బదులు కూర్చునే మనిషి, ముఖ్యం. ఇదివరకు బాత్రూంకి వెళ్లాలంటే చెయ్యెత్తి, సీట్లోకి ఎవరైనా వచ్చేదాకా ఆగాలి. ఆ బాధ పడలేక నీళ్లు తాగడమే మానేసేవాళ్లు. మూడింటికల్లా తలనొప్పి, కళ్లు లాగడం. భూతద్దం కింద బోర్డు చూసే సీట్లో అలా కూర్చుంటే సోల్డర్ పట్టని చోటు కనపడుతుందా? మళ్లీ రీవర్క్, మళ్లీ తిట్లు. ‘A’ షిఫ్టులో రిలీవర్‌ని పెట్టాక ఆ సీటు నుంచి వచ్చే గొడవే లేదు. నిలబడి చేసేవాళ్లకి స్టూళ్లు కూడా ఈమధ్యే వచ్చాయి. కూర్చునే వీలుండాలని 1948 ఫ్యాక్టరీల చట్టం 44వ సెక్షన్‌లోనే రాశారు. మన దగ్గరికి రావడానికి ఇంతకాలం పట్టింది.

మీటింగులో మేనేజర్ హాథోర్న్ కథ ఎత్తారు. 1924లో చికాగో దగ్గర ఆ పేరున్న ఫ్యాక్టరీలో లైట్లు పెంచినా, తగ్గించినా పని పెరిగిందని, మనం గమనిస్తున్నామనే వీళ్లూ బాగా చేస్తున్నారని ఆయన వాదన. 2011లో లెవిట్, లిస్ట్ అనే ఆర్థికవేత్తలు ఆ పాత లెక్కలు బయటికి తీసి చూస్తే అంత వింతేమీ కనపడలేదని చదివాను. చెప్పాను కూడా. అయినా బాత్రూంకి వెళ్లొచ్చినామె తేరుకోవడానికి ఎవరో గమనించాలా?

మనసు బాగోకపోతే ఫోన్ చేసే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 స్టిక్కరు క్యాంటీన్ గోడకి అంటించారు. అందరి ముందూ ఎవరు రాసుకుంటారు, ఆడవాళ్ల బాత్రూం తలుపుకి లోపలివైపు అంటించమంది లైన్ లీడర్. సాయంత్రానికి ఆమే మార్చేసింది.

నైటుకి మాత్రం రిలీవర్‌ని ఇంకా ఇవ్వలేదు. రేపు మళ్లీ అడగాలి. మనుషులు లేరంటారు, తెలిసిందే. క్లాసుకి పెట్టిన ఖర్చు ఎంతో కూడా అడుగుతా.