వాచీ ధర

శనివారం, రాత్రి పదిన్నర

ఇవాళ మూడో శనివారం కాబట్టి బ్యాంకు ఉంది. పొద్దున విజయవాడలో తెనాలి వైపు రైలెక్కి కూర్చోగానే ఫోన్ తీసి మళ్ళీ ఆ వాచీ ఫొటోనే చూశాను. పోయిన ఆదివారం నుంచి ఇదే పని. నిన్న షోరూమ్ అబ్బాయి ఫోన్ చేసి, "మేడం, మీరు చూసిన పీస్ ఒక్కటే మిగిలింది, పక్కన పెట్టమంటారా?" అన్నాడు. బుధవారం దాకా ఉంచమన్నాను. కొంటానని మాత్రం చెప్పలేదు.

ధర 72,000 రూపాయలు. ఆ అంకె ఇక్కడ రాయడానికి కూడా కాసేపు ఆగాను.

డబ్బు లేక కాదు. 2024 మార్చిలో మా బ్యాంకుల వాళ్ళకి 12వ వేతన ఒప్పందం కుదిరింది, అరియర్స్ వచ్చాయి. పాప కాలేజీ ఫీజు కట్టి, ఇంటి లోను కొంత తీర్చి, మిగిలింది నా పేరు మీద డిపాజిట్ చేసుకున్నాను. పంతొమ్మిదేళ్ళ ఉద్యోగంలో నాకోసమని అట్టే పెట్టుకున్న డబ్బు ఇదొక్కటే. మా ఆయనకి చెబితే "నీ ఇష్టం, కొనుక్కో" అన్నారు. మనస్ఫూర్తిగానే అన్నారు. అయినా తేలడం లేదు.

ఆదివారం బందరు రోడ్డులో ఆ షోరూమ్‌కి వెళ్ళింది పాత వాచీకి బ్యాటరీ వేయించడానికి. అది దొరకలేదు, వారం తర్వాత రమ్మన్నారు. వస్తూ వస్తూ అద్దాల బల్లలో ఇది కనిపించింది. టిస్సో ఆటోమేటిక్. స్టీలు గొలుసు, ముదురు నీలం డయలు, అంకెలేవీ లేవు, సన్నటి గీతలు అంతే. అబ్బాయి దాన్ని తిప్పి వెనక వైపు చూపించాడు. వెనక కూడా అద్దమే. లోపల చిన్న చక్రం అటూ ఇటూ కొట్టుకుంటోంది. గంటకి 21,600 సార్లట, అంటే సెకనుకి ఆరు. బ్యాటరీ లేదు, చెయ్యి కదులుతుంటే స్ప్రింగు దానంతటదే చుట్టుకుంటుంది. తీసి పక్కన పెట్టినా 80 గంటలు నడుస్తుంది. శుక్రవారం సాయంత్రం ఆరింటికి విప్పి పెడితే సోమవారం రాత్రి దాటేదాకా ఆగదన్నమాట. చెవి దగ్గర పెట్టుకున్నాను. షోరూమ్‌లో పాటలు మోగుతున్నా ఆ చప్పుడు వినిపించింది.

టైము కోసమే అయితే ఇంత అక్కర్లేదని నాకూ తెలుసు. బ్యాటరీ వాచీలో క్వార్ట్జ్ ముక్క సెకనుకి 32,768 సార్లు కంపిస్తుంది కాబట్టి పదిహేను వందలు పెట్టిన వాచీ కూడా దీనికంటే కచ్చితంగా నడుస్తుంది. దీనికి రోజుకి కొన్ని సెకన్లు తేడా వస్తుంది, కొన్నేళ్ళకోసారి సర్వీసింగ్ చేయించాలి. ఆ అబ్బాయే దాచకుండా చెప్పాడు. టిస్సో వాళ్ళు స్విట్జర్లాండ్‌లోని లె లోక్ల్‌లో 1853 నుంచి వాచీలు చేస్తున్నారని కూడా చెప్పాడు కానీ నేను అప్పటికే వినడం మానేశాను. ఆ చప్పుడు నన్ను మా ఇంటికి తీసుకెళ్ళిపోయింది.

నాన్న ఎలిమెంటరీ స్కూల్ టీచరు. ఆయనకో హెచ్‌ఎంటీ ఉండేది, తెల్ల డయలుది. పొద్దున రేడియోలో వార్తలకి ముందు బీప్‌లు వస్తాయే, ఆ టైముకి వాచీకి కీ ఇచ్చేవారు. నాకు ఆరో ఏడు వచ్చాక ఆ పని నాకిచ్చారు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఆ చిన్న కీ పట్టుకుని ముందుకి తిప్పాలి. గరగరమని పళ్ళు తగులుతూ ఉంటాయి. "బిగిసినట్టు అనిపించగానే ఆపెయ్యమ్మా, బలం చెయ్యకూడదు" అనేవారు. ఎప్పుడు బిగుస్తుందో వేళ్ళకి ముందే తెలిసిపోయేది. ఇప్పటికీ చూపుడువేలు కొన మీద ఆ పళ్ళ గరుకు గుర్తుంది నాకు. బెంగళూరులో 1961లో జపాన్ సిటిజన్ వాళ్ళ సాయంతో హెచ్‌ఎంటీ వాచీలు మొదలయ్యాయి. తర్వాత టైటన్ వచ్చింది, ఇంట్లో అందరూ క్వార్ట్జ్‌కి మారారు, నాన్న మారలేదు. 2016లో ప్రభుత్వం హెచ్‌ఎంటీ వాచీల కంపెనీని మూసేస్తోందని పేపర్లో చదివినప్పుడు, ఇంకా ఉండుంటే ఎంత బాధపడేవారో అనుకున్నాను. అప్పటికే ఆయన పోయి ఐదేళ్ళు.

ఆ వాచీ తమ్ముడికి వెళ్ళింది. అమ్మ గాజులు నాకొచ్చాయి. పెద్దవాళ్ళెవరో అన్నారు, "నాన్న వాచీ మగపిల్లాడికి కదా" అని. నేను నోరు విప్పలేదు. నాకు గాజులొచ్చాయి, అవి ఖరీదైనవి, ఇంకేం అడుగుతాను? కానీ రోజూ దానికి కీ ఇచ్చింది నేను. వాడు డల్లాస్‌లో ఉంటాడు, అది వాళ్ళ అల్మారాలో ఏదో డబ్బాలో ఉంది. వాడి మీద నాకు కోపం లేదు, అడిగితే ఇచ్చేస్తాడు కూడా. ఆ రోజు అడగలేదే అన్న బాధ మాత్రం ఉంది.

అందుకని ఈ వాచీ నాన్న వాచీకి బదులు అనుకుంటే అది నిజం కాదు. ఇది వేరు. ఇది నేను చూసి, నాకు నచ్చి, నాకు కావాలనిపించింది. కావాలని పైకి అనడమే నాకు అలవాటు లేదు.

కొనడం ఒక ఎత్తు, పెట్టుకోవడం ఇంకో ఎత్తు. మా బ్రాంచిలో డ్వాక్రా లోన్లు చూసేది నేనే. 1992లో నాబార్డ్ 500 పొదుపు సంఘాలతో ప్రయోగంగా మొదలుపెట్టిన పని ఇవాళ మాలాంటి పల్లెటూరి బ్రాంచిలో సగం పని అయి కూర్చుంది. నా బల్లకి అవతల రోజూ కూర్చునేది పాలు పోసేవాళ్ళు, మిషను కుట్టేవాళ్ళు, దుగ్గిరాల పసుపు యార్డుకి కూలికెళ్ళేవాళ్ళు. కాగితాల మీద ఎక్కడ సంతకం పెట్టాలో చూపించేటప్పుడు నా చెయ్యి సరిగ్గా వాళ్ళ కళ్ళ ముందుంటుంది. ఆ చేతికి డెబ్బై వేల వాచీ పెట్టుకుని, "ఈ నెల కిస్తీ పదకొండొందలు తగ్గింది, ఎప్పుడు కడతావమ్మా?" అని అడగగలనా? వారం నుంచి నాలో నలుగుతున్నది ఇదే. లేకపోతే బ్యాంకులో ఉన్నంతసేపూ తీసి బ్యాగులో పెట్టుకోవాలి. పగలంతా బ్యాగులో ఉండే వాచీ ఎందుకు?

ఇవాళ పదకొండింటికి ఒక గ్రూపు వచ్చింది. పదిమంది, పది లక్షల లోను, తలా లక్ష. పాత లోను ఒక్క కిస్తీ కూడా తప్పకుండా తీర్చినవాళ్ళు. వాళ్ళ లీడరు యాభై దాటిన మనిషి, రెండు గేదెలున్నాయి. తీర్మానాల పుస్తకం నా వైపు జరిపింది. ఆ చేతికి కొత్త వాచీ. బంగారు రంగు గొలుసు, గుండ్రటి చిన్న డయలు, పైన అంటించిన పల్చటి ప్లాస్టిక్ కాగితం ఇంకా తీయలేదు. ఒక అంచు దగ్గర అది కాస్త లేచి, దాని కింద పసుపు మరక ఇరుక్కుని ఉంది.

"బాగుంది అమ్మా, కొత్తదా?" అన్నాను.

"ఎనిమిది వేల ఐదొందలు మేడం" అంది ఠక్కున. నేను ధర అడగలేదు. "అబ్బాయి కొనిపెట్టాడా అని అందరూ అడుగుతున్నారు. అబ్బాయి కాదు, నేనే కొనుక్కున్నా. పాత లోను తీరిపోయింది కదా, పాల డబ్బుల్లో నెలనెలా తీసి పెట్టా. ఎప్పటి నుంచో కోరిక."

మిగతా తొమ్మిదిమందీ మళ్ళీ ఒకసారి ఆ చెయ్యి లాక్కుని చూశారు. ఎనిమిదిన్నర వేలు వాళ్ళ సంపాదనలో ఎంత పెద్ద మొత్తమో వాళ్ళందరికీ తెలుసు. ఎవరూ దెప్పలేదు. ఒకామె మాత్రం "మా అక్కకి టైము చూడటం కూడా వచ్చు" అని గర్వంగా చెప్పింది. వేలిముద్ర వేసే ఆమె ఇంకు వేలిని పైకెత్తి పట్టుకుని, అది వాచీకి అంటకుండా దూరం నుంచే వంగి చూసింది.

అప్పుడు వాళ్ళలో చిన్నావిడ నా వైపు తిరిగి, "మీ చేతికి లేదేంటి మేడం?" అంది. పాతది ఆగిపోయిందని, కొత్తది ఒకటి చూశానని చెప్పాను.

"ఎంత?"

"ఏదో... పదిహేను వేలు" అన్నాను.

"తీసుకోండి మేడం, మీకేం తక్కువ?" అన్నారు. సంతకాలు అయిపోయాయి, అందరూ దండం పెట్టి వెళ్ళారు. నేను చాలాసేపు ఇంకో ఫైలు తెరవలేకపోయాను.

మంగళవారం అత్తయ్య అడిగినప్పుడు ముప్పై వేలని చెప్పాను. ఇవాళ పదిహేనైంది. చీర కొన్నా, చెప్పులు కొన్నా ఇంట్లో సగం ధర చెప్పడం మన ఆడవాళ్ళకి అలవాటే, నేనూ ఎన్నోసార్లు చెప్పాను, ఎప్పుడూ ఏమీ అనిపించలేదు. ఇవాళ అనిపించింది. ఎదురుగా ఒక మనిషి తన కష్టార్జితాన్ని అడగకుండానే నోరారా చెబుతుంటే, నేను ఆమె ముఖం చూసి అబద్ధం ఆడాను. పైగా ఆ అబద్ధం వాళ్ళు నొచ్చుకోకూడదని ఆడానని అనుకున్నాను. వాళ్ళు ఎందుకు నొచ్చుకుంటారు? లక్ష రూపాయలు తీసుకుని తీర్చగలిగిన మనుషులు, ఇంకొకరి చేతి మీది ధరని మాత్రం తట్టుకోలేరా? వాళ్ళని చిన్నపిల్లల కింద జమకట్టింది నేనే.

తెనాలి స్టేషన్లో సాయంత్రం రైలు అరగంట లేటు. బెంచీ మీద కూర్చుని ఎటు తిప్పి ఆలోచించినా ఒక్క చోటికే వచ్చాను. ఈ వాచీ ధర ఎవరడిగినా ఉన్నదున్నట్టు చెప్పగలిగితే కొనుక్కోవచ్చు. చెప్పలేకపోతే వద్దు. 72,000 నాకు ఎక్కువా కాదా అన్నది లెక్కల్లో తేలదు, నోటితో అనగలనా లేదా అన్న దగ్గర తేలుతుంది.

అందుకని ఇంటికి రాగానే, చెప్పులు విప్పి, కాళ్ళు కడుక్కుని, వంటింట్లో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్న అత్తయ్య దగ్గర కూర్చున్నాను.

"అత్తయ్యా, ఆ వాచీ ముప్పై వేలు కాదు. డెబ్బై రెండు వేలు."

ఆవిడ చెయ్యి ఆగింది. "ఆ డబ్బుకి కాస్త బంగారమైనా రాదా అమ్మాయ్?" అన్నారు. వస్తుందన్నాను. "బంగారమైతే తరుగు పోయినా రేపు అమ్ముకోవచ్చు. ఇది అమ్మితే?" సగం కూడా రాకపోవచ్చన్నాను. ఒక్కటీ దాచలేదు. ఆవిడ ఇంకో నాలుగు కాయలు ఈనెలు తీసేదాకా మాట్లాడలేదు.

"డబ్బు నీది. నాకు అబద్ధం ఎందుకు చెప్పావు మరి?"

"మీరేమంటారోనని."

"ఏమంటాను? అన్నా రెండు రోజులు అంటాను" అని, కాసేపాగి చెప్పారు. "మా పెళ్ళికి మా నాన్న అల్లుడికి వాచీ పెట్టాడు. వాచీ, సైకిలు, రేడియో. మీ మావయ్య అది పెట్టుకుని పీటల మీద కూర్చున్నారు. నాకు చూడాలని ఎంత ఉండేదో. ఆయన నిద్రపోయాక చేతి మీద వంగి చూసేదాన్ని, ముళ్ళు కదులుతున్నాయా అని. నాకూ ఒకటి కావాలని నాకు తోచనైనా తోచలేదమ్మా. అది మగాళ్ళ వస్తువు అనుకున్నాం."

ఆ మాటలంటున్నప్పుడు ఆవిడ గొంతులో ఏ బాధా లేదు. నాకే గొంతు పట్టేసింది. పదిహేడేళ్ళుగా ఒకే ఇంట్లో ఉన్నాం, ఈ మాట ఇవాళే తెలిసింది.

అయినా రేపు వెళ్ళి కొనేయడం లేదు. సోమవారం కూడా కొనను. మంగళవారం ఆ గ్రూపు ఊరికే ఫీల్డు విజిట్‌కి వెళ్తున్నాను, గేదెలు చూడాలి. లీడరు ఇంటి అరుగు మీద అందరూ ఉంటారు. ఇవాళ ధర అడిగినావిడతో, పదిహేను కాదు, డెబ్బై రెండు అని చెప్పాలి. ఎందుకు తగ్గించి చెప్పానో కూడా చెప్పాలి. ఆ పని అయ్యాకే షోరూమ్‌కి ఫోన్ చేస్తాను. ఈలోపు ఎవరో కొనుక్కుపోతే పోనీ. అప్పుడు మాట పెగలకపోతే నేనే వద్దని చెప్పేస్తాను.

భోజనాలయ్యాక అత్తయ్య నా గదిలోకి వచ్చారు. "స్టీలంటున్నావు, ఎడం చేతికే పెట్టుకుంటావా?" అన్నారు. అవునన్నాను. "మీ అమ్మ గాజులు రాసుకుని గీతలు పడతాయి. అటువి తీసి ఇటు వేసుకో, ఎలా ఉంటుందో చూద్దాం" అని, నా ఎడం చేతి రెండు గాజులూ కొబ్బరినూనె రాసి ఆవిడే తీసి, కుడి చేతికి ఎక్కించారు. వాటిని నేను తీసి ఎన్నేళ్ళయిందో.

ఇది రాస్తుంటే నాలుగు గాజులూ కాగితం అంచుకి తగిలి చప్పుడు చేస్తున్నాయి. ఎడం మణికట్టు మీద గాజులున్న చోట చర్మం తెల్లగా ఉంది.