టౌన్ బ్యాంకులో మార్చి క్లోజింగ్, స్టాట్యుటరీ ఆడిట్: నా అనుభవం

నేను కోస్తాలో ఒక చిన్న కోఆపరేటివ్ టౌన్ బ్యాంకులో అకౌంట్స్ చూస్తాను, పేరూ ఊరూ రాయను. వంద కోట్ల లోపు డిపాజిట్లున్న బ్యాంకు, అంటే ఆర్‌బీఐ లెక్కలో టైర్ 1, అన్నిటికంటే చిన్న బ్యాంకుల తరగతి. 2025 మార్చి క్లోజింగ్‌కి (ఏడాది లెక్కలు ముగించడానికి), స్టాట్యుటరీ ఆడిట్ (చట్టప్రకారం ఏటా బయటివాళ్ళు చేసే తనిఖీ) ఆడిటర్లకి కావాల్సినవన్నీ రెడీ చేసి, బ్యాలెన్స్ షీట్ వెనకాల వచ్చే నోట్స్ రాసే పని మొదటిసారి నాకు ఇచ్చారు. చిన్న బ్యాంకుల్లో పనిచేసే వాళ్ళకి, అందులో డబ్బులు దాచుకున్న వాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నా.

ఆ ఏడాది ఫిబ్రవరిలోనే ముంబైలో న్యూ ఇండియా కోఆపరేటివ్ బ్యాంకు మీద ఆర్‌బీఐ ఆంక్షలు పెట్టింది, తర్వాత సేఫ్‌లో 122 కోట్లు లేవని పోలీసు కేసు అయింది. పుస్తకాల్లో ఉన్న డబ్బు సేఫ్‌లో లేదు, అది కూడా ఆడిట్లు జరుగుతున్న బ్యాంకే. అందుకే ఏప్రిల్ 1 పొద్దున్నే వచ్చిన ఆడిటర్ గారు బుక్ బ్యాలెన్స్ ఎంతో మమ్మల్ని చెప్పనివ్వకుండానే క్యాష్ లెక్క మొదలుపెట్టించారు. మేనేజర్ దగ్గర ఒక తాళం, హెడ్ క్యాషియర్ దగ్గర ఒక తాళం, ఇద్దరూ ఉంటేనే సేఫ్ తెరుచుకుంటుంది. ముందు వరస బండిల్స్ చూసి సరే అనలేదు, వెనక వరసవి బయటికి తీయించి సీళ్ళు విప్పించి మధ్యలో కట్టల్ని మెషిన్‌లో వేయించారు. మా క్యాషియర్ గారికి రిటైర్మెంట్ దగ్గరపడింది, ఆయన మొహం చిన్నబోయింది. "మీ మీద అనుమానం కాదండీ, రేపు ఎవరైనా వేలెత్తి చూపిస్తే మీకు సాక్ష్యం ఇదే" అన్నారు ఆడిటర్ గారు. నాకు ఆ మాట బాగా నచ్చింది. రెండు తాళాలు, రెండు సంతకాలు అనేవి నిజాయితీగా పనిచేసే మనిషిని కాపాడటానికే ఉన్నాయని నేనూ అనుకుంటా.

తర్వాత గోల్డ్ లోన్లు. మా దగ్గర సగానికి పైగా లోన్లు బంగారం మీదే. శాంపిల్‌గా కొన్ని ప్యాకెట్లు తీసి తిరిగి తూకం వేయించారు, లోన్ ఇచ్చినప్పుడు విలువ కట్టిన అప్రైజర్ కాకుండా వేరే ఊరి నుంచి ఇంకొకర్ని పిలిపించి మరీ. అందులో ఒక నల్లపూసల గొలుసు ఉంది, రిజిస్టర్‌లో గ్రాస్ వెయిట్ నెట్ వెయిట్ రెండూ ఒకటే రాసున్నాయి, అంటే పూసల తరుగు తీయకుండా వాటి బరువుకి కూడా బంగారం రేటు కట్టేశారన్నమాట. తరుగు తీసి చూస్తే, అప్పటి రూల్ ప్రకారం బంగారం విలువలో 75 శాతం దాటకూడని లోను దాటిపోయింది. మోసం అని నేను అనను కానీ కాంకరెంట్ ఆడిట్ (ఏడాది పొడవునా నడిచే ఆడిట్) రిపోర్టులో ఈ తరుగు విషయం ముందే రాసి ఉంది, దానికి బ్రాంచ్ ఇచ్చిన జవాబు ఒకే ముక్క, "నోటెడ్". ఏం నోట్ చేసుకున్నారో ఎవరూ అడగలేదు. చిన్న బ్యాంకుల్లో అసలు జబ్బు ఇదే, ఆడిట్ జరుగుతుంది, రిపోర్టు వస్తుంది, ఫైల్‌లోకి పోతుంది.

అన్నింటికంటే పెద్ద తలనొప్పి ఎన్‌పీఏ (కిస్తీలు ఆగిపోయిన మొండి లోను) దగ్గర. ఒక షాపు మార్ట్‌గేజ్ లోను బకాయి 90 రోజులు దాటి ఎన్‌పీఏ అయిపోయి ఉంది, పార్టీ మార్చి చివర్లో వచ్చి ఒక కిస్తీ కట్టి వెళ్ళాడు. "కట్టాడుగా, స్టాండర్డ్‌లో పెట్టేయ్" అని పైనుంచి మాట, స్టాండర్డ్ అంటే సరిగ్గా నడుస్తున్న లోను. నేను 2021 నవంబర్ 12 నాటి ఆర్‌బీఐ సర్క్యులర్ ప్రింట్ తీసి టేబుల్ మీద పెట్టా, అసలూ వడ్డీ బకాయి మొత్తం కడితేనే తిరిగి స్టాండర్డ్ అవుతుంది, ఒక కిస్తీతో కాదు. "ప్రొవిజన్ పెడితే లాభం పోతుంది, డివిడెండ్ తగ్గితే మహాసభలో మెంబర్లు ఊరుకోరు" అన్నారు (ప్రొవిజన్ అంటే మొండి లోను కోసం లాభంలోంచి పక్కన పెట్టే డబ్బు). అది నిజమే, కానీ లేని లాభం చూపించి డివిడెండ్ పంచితే ఆ డబ్బు ఎవరిదండీ, డిపాజిటర్లదే కదా. చివరికి ఆడిటర్ గారు దాన్ని ఎన్‌పీఏలోనే ఉంచారు, లాభం కాస్త తగ్గింది.

ఇలా ఎన్‌పీఏలు దాచిపెడుతూ పోతే ఎక్కడ తేలతామో ముంబైలోని పీఎంసీ కోఆపరేటివ్ బ్యాంకు చూపించింది. ఒకే రియల్ ఎస్టేట్ గ్రూపుకి ఇచ్చిన మొండి లోన్లు కనపడకుండా వేల దొంగ అకౌంట్లు సృష్టించారు, 2019 సెప్టెంబర్‌లో ఆంక్షలు పెట్టినప్పుడు మొదట డిపాజిటర్‌కి వెయ్యి రూపాయలే తీసుకోనిచ్చారు. మనకి కొత్తేం కాదు, 2000ల మొదట్లో హైదరాబాద్‌లో కృషి, చార్మినార్, ప్రుడెన్షియల్, వాసవి బ్యాంకులు మూతపడి ఎన్ని కుటుంబాలు రోడ్డున పడ్డాయో పెద్దవాళ్ళని అడిగితే చెప్తారు.

నోట్స్ రాయడం అంటే పోయినేడు ఫైల్‌లో అంకెలు మార్చడమే అని ఆఫీసులో అందరి నమ్మకం. నేను మాత్రం ప్రతి అంకె ఎక్కడి నుంచి వచ్చిందో వెతికా. క్యాపిటల్ అడిక్వసీ (లోన్ల రిస్క్‌తో పోలిస్తే బ్యాంకు సొంత డబ్బు ఎంత శాతం అని, మా సైజుకి కనీసం 9 శాతం ఉండాలి), గ్రాస్ నెట్ ఎన్‌పీఏలు (ప్రొవిజన్ తీయకముందు, తీశాక), ఇరవై మంది పెద్ద డిపాజిటర్ల వాటా, ఆర్‌బీఐ వేసిన పెనాల్టీలు, డిపాజిట్ ఇన్సూరెన్స్ ప్రీమియం. డైరెక్టర్లకి సంబంధించిన లోన్ల దగ్గర "నిల్" అని రాసి పంపమన్నారు, కానీ ఒక లోనుకి ఒక డైరెక్టర్ గారి అల్లుడు ష్యూరిటీ ఉన్నారు. డైరెక్టర్లూ వాళ్ళ దగ్గరి బంధువులూ అలా ష్యూరిటీ ఉండకూడదని రూల్, అల్లుడు ఆ లిస్టులో ఉన్నాడు. వేరే ష్యూరిటీ తెచ్చుకోమని పార్టీకి లెటర్ పంపించాం, నోట్స్‌లో మార్చి 31 నాటికి ఏముందో అదే రాశాం. ఆ వారం ఆఫీసులో నాతో చాలామంది సరిగ్గా మాట్లాడలేదు.

మహాసభలో ఒక రిటైర్డ్ మాస్టారు లేచి ఎన్‌పీఏ ఎందుకు పెరిగిందని అడిగారు, కారణం ఉన్నది ఉన్నట్టు చెప్పాం, గొడవేమీ కాలేదు. వెంటనే ఇంకో ప్రశ్న వేశారు, బ్యాంకుకి ఏమైనా అయితే నాకెంత వస్తుంది అని. ఒక డిపాజిటర్‌కి ఒక బ్యాంకులో అన్ని బ్రాంచీలూ కలిపి అసలూ వడ్డీతో సహా 5 లక్షల వరకు ఇన్సూరెన్స్ ఉంటుంది, 2020 ఫిబ్రవరి 4 నుంచి ఇంతే, అంతకు ముందు లక్షే. ఆంక్షలు పెడితే 90 రోజుల్లో ఆ ఇన్సూరెన్స్ డబ్బు ఇవ్వాలని 2021లో చట్టం మార్చారు. ఆ హాల్లో సగం మందికి ఈ సంగతి తెలీదు. ఇప్పుడు ఆ వివరాలు, మా ఎన్‌పీఏ, క్యాపిటల్ అంకెలతో కలిపి ఒక పేజీ తెలుగులో ప్రింట్ చేసి కౌంటర్ పక్కన అంటించాం. మీ టౌన్ బ్యాంకులో అలాంటి పేజీ లేకపోతే వార్షిక నివేదిక అడగండి, వెనక పేజీల్లో ఇవన్నీ ఉంటాయి, ఎఫ్‌డీ రెన్యువల్ చేసే ముందు చూసుకోండి.