ఎక్కి కూర్చున్నా ఊగని టీపాయ్

మా ఇంట్లో టీపాయ్ అంటే కాఫీ గ్లాసులు పెట్టుకోవడానికే కాదు, పిల్లలు దానిమీదే హోంవర్క్ రాస్తారు, అమ్మ పూలు కడుతుంది, తిరుమల కొండకి వచ్చిన చుట్టాలు ఇంటికి దిగితే ఎవరో ఒకరు ఎక్కి కూర్చుంటారు కూడా, అందుకే గాజు పలక వద్దు, చెక్కతో నేనే చేస్తానని మొండికేశాను. ఎత్తు 17 అంగుళాలు. సోఫా సీటుకి కాస్త తక్కువ.

పాత ఇల్లు పడగొట్టిన చోట టేకు దూలాలు దొరికాయి. ఏళ్ల తరబడి ఆరిన చెక్క కాబట్టి వంకర పోతుందన్న టెన్షన్ తక్కువ. (ఎర్రచందనంతో చేయొచ్చుగా అన్న మా బావకి ఒక దండం. శేషాచలం పక్కనే ఉన్నాం నిజమే, కేసు కూడా పక్కనే ఉంటుంది బావా!)

బలమంతా కాళ్ల దగ్గరే. ఉత్త మేకులు కొడితే కొన్నాళ్లకి ఊగడం మొదలవుతుంది. కాలికి ఉలితో గుంత తొలిచి, అడ్డపట్టీ కొసని అందులోకి బిగువుగా దిగేలా చెక్కి, జిగురు పెట్టి బిగించాను. పైపలక సంగతి వేరు, వానాకాలం తేమకి చెక్క అడ్డంగా ఉబ్బుతుంది, తిరుపతి ఎండలకి మళ్లీ ముడుచుకుంటుంది, పొడవులో మాత్రం పెద్దగా మారదు, కాబట్టి దాన్ని బిగించే స్క్రూల రంధ్రాలు గుండ్రంగా కాకుండా కోలగా వేస్తే పగలకుండా కదలడానికి చోటుంటుంది. ఈ కిటుకు మా వీధి వడ్రంగి మేస్త్రి చెప్పిందే. మూలలు బాగా గుండ్రంగా రుద్దాను, మా చిన్నదాని నుదురు సరిగ్గా ఆ ఎత్తుకే వస్తుంది.

పైన అవిసె నూనె పూశాను. మరక పడితే ఉప్పుకాగితంతో రుద్ది మళ్లీ పూస్తే సరి. అద్దంలా మెరవాలనేవాళ్లు షాపుకి వెళ్లండి.