హైదరాబాద్‌కి మారాలా వద్దా: లైఫ్ కోచ్‌తో నా అనుభవం

బెంగళూరులో చాలా ఏళ్ళుగా ఉంటున్న తెలుగువాళ్ళ ఇళ్ళలో ఒక చర్చ ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది. హైదరాబాద్‌కి మారిపోదామా అని. మారతహళ్ళిలోని మా ఇంట్లోనూ అంతే. ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు, ట్యాంకర్ నీళ్ళకి డబ్బు కట్టినప్పుడు, హైదరాబాద్ నుంచి బావమరిది ఫోన్ చేసినప్పుడు ఆ మాట లేస్తుంది. కాసేపు వాదించుకుని, పాపకి నిద్రొస్తోందని ఆపేస్తాం. పాపని ఒకటో తరగతిలో చేర్చాల్సిన ఏడాది మాత్రం అలా ఆపడానికి వీల్లేకపోయింది. సరిగ్గా అప్పుడే ఆఫీసులో లైఫ్ కోచింగ్ ఉచితమని మెయిల్ వచ్చింది. ఉచితమే కదా, పోయేదేముందని పేరిచ్చాను.

కోచ్‌ది నెల్లూరు. తెలుగులోనే మాట్లాడుకుందాం అన్నారావిడ. ఇంటి గొడవ ఇంగ్లిష్‌లో చెప్పడం నాకు రాదు కాబట్టి అది పెద్ద ఊరట. మొదటి కాల్‌లోనే కొన్ని విషయాలు తేల్చేశారు. మనం మాట్లాడుకున్నది ఆఫీసుకి చేరదు, నేను సలహాలివ్వను, ఇది వైద్యం కాదు అన్నారు. రోజుల తరబడి నిద్ర పట్టకపోయినా, దేనిమీదా మనసు నిలవకపోయినా ముందు డాక్టర్ని కలవమని చెప్పి, ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ నంబరు 14416 కూడా ఇచ్చారు. ఈ ముక్క చెప్పని కోచ్ దగ్గరికి వెళ్ళకపోవడమే మంచిదని నా అభిప్రాయం. మన దేశంలో కోచ్ అని బోర్డు పెట్టుకోవడానికి లైసెన్సేమీ అక్కర్లేదు మరి. 1995లో మొదలైన ఇంటర్నేషనల్ కోచింగ్ ఫెడరేషన్ ఇచ్చే సర్టిఫికెట్ ఒకటుంది. దాని మొదటి మెట్టుకే కనీసం 60 గంటల శిక్షణ, 100 గంటలు కోచింగ్ చేసిన అనుభవం కావాలి. అది ఉందో లేదో మొహమాటపడకుండా అడిగేయండి.

సలహా ఇవ్వనప్పుడు ఈవిడ చేసేదేమిటా అనుకుంటూనే నా ఎక్సెల్ షీట్ చూపించాను. రెండు ఊళ్ళ అద్దెలు, స్కూలు ఫీజులు, జీతాలు అన్నీ వేసిన షీట్. ఆవిడ ఓపిగ్గా చూసి, "లెక్కలన్నీ వేసేశారు కదా. మరి ఇంకా తేలనిది ఏమిటి?" అన్నారు. నాకు మాట తోచలేదు. అటు నుంచీ చప్పుడు లేదు. నెట్ పోయిందేమోనని "హలో మేడం, వినపడుతోందా?" అన్నాను. "వినపడుతోందండీ, మీరు ఆలోచించుకోండి" అన్నారు. ఆ మౌనం అలవాటు కావడానికి టైం పట్టింది. మన ఇళ్ళలో ప్రశ్న అడిగినవాళ్ళే జవాబు కూడా చెప్పేస్తుంటారు.

అన్ని ప్రశ్నలూ పనిచేశాయని చెప్పను. మీ విలువలేమిటో రాసుకురమ్మంటే నిజాయితీ, కుటుంబం, ఎదుగుదల అని పెళ్ళి బయోడేటాలా రాసుకెళ్ళాను. అందులోంచి ఏమీ రాలేదు.

పనిచేసిన ప్రశ్న వేరే. "సరే, హైదరాబాద్ వెళ్ళిపోయారు, సామాను కూడా సర్దేసుకున్నారు. అక్కడ ఒక వారం ఎలా గడుస్తుందో సోమవారం పొద్దున్నుంచి చెప్పండి" అన్నారు. కొండాపూర్‌లో ఫ్లాట్ అన్నాను. అదే కాఫీ, అదే లాప్‌టాప్, ఔటర్ రింగ్ రోడ్డుకి బదులు గచ్చిబౌలి రోడ్డు. చెబుతుంటే నాకే నవ్వొచ్చింది. "శుక్రవారం రాత్రి?" అన్నారు. అక్కడ ఆగిపోయాను.

మా అమ్మ హిందూపురంలో ఒక్కతే ఉంటుంది. ఇప్పుడు శుక్రవారం సాయంత్రం రైలెక్కితే దొడ్డబళ్ళాపురం, గౌరిబిదనూరు దాటి, రాత్రి భోజనానికి ఇంట్లో ఉంటాం. బెంగళూరు నుంచి దూరం సుమారు 100 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి 400 దాటుతుంది. ఆ దూరాలు నాకు తెలియనివి కావు, కానీ షీట్‌లో వాటికి కాలమ్ అంటూ లేదు. మనవాళ్ళకి దగ్గరవుదామని బయల్దేరి అమ్మకి దూరంగా వెళ్తున్నాం.

ఈ తరహా ప్రశ్న ఎక్కడిదని తర్వాత అడిగాను. అమెరికాలో మిల్వాకీలో స్టీవ్ డి షేజర్, ఇన్సూ కిమ్ బెర్గ్ అనే దంపతులు కుటుంబాలకు కౌన్సెలింగ్ చేస్తూ పెంచిన పద్ధతట. రాత్రి మీరు నిద్రలో ఉండగా అద్భుతం జరిగి సమస్య తీరిపోతే, పొద్దున్నే దేన్ని చూసి ఆ సంగతి తెలుసుకుంటారు అని వాళ్ళు అడిగేవారట. మార్కుల ప్రశ్న కూడా వాళ్ళు బాగా వాడినదే. మారాలన్న కోరిక మీకు 10కి ఎంత అంటే 4 అన్నాను. 8 ఎందుకు కాలేదని అడుగుతారనుకున్నాను. "2 దగ్గర ఆగకుండా 4 దాకా తెచ్చింది ఏమిటి?" అన్నారు. పాప తెలుగు అన్నాను. కర్ణాటకలో 2015 చట్టం ప్రకారం స్కూళ్ళలో కన్నడం నేర్పాల్సిందే, తెలంగాణలో 2018 చట్టం ప్రకారం తెలుగు నేర్పాల్సిందే. ఇక్కడ పాపకి తెలుగు రాయడం, చదవడం రాకుండా పోతుందేమోనని నా టెన్షన్. అలా బయటికి అనేసరికి అది ఊరు మారాల్సినంత సమస్యలా కనిపించలేదు. మా అపార్ట్‌మెంట్‌లోనే తెలుగు పిల్లలు బోలెడుమంది.

ఇదే ప్రశ్న మా ఆవిడని అడగమన్నారు. 2 అంది. ఎన్నో ఏళ్ళుగా వాదించుకుంటున్నాం గానీ, తన అంకె ఎంతో నేనెప్పుడూ అడగలేదు. "మీ షీట్‌లో నా జీతం వేశారు, నా టీమ్ వేయలేదు" అంది. రెండేళ్ళు కష్టపడి తనే కట్టుకున్న టీమ్ అది. అమ్మనీ అడిగాను. "హైదరాబాద్‌కి పోతే పండక్కి వస్తారు. ఈడుంటే కూరగాయలకి గూడా వస్తారు గదప్పా" అంది.

ఉండిపోయాం. స్కూల్లో ఫీజు కట్టేశాం. శనివారాల్లో అమ్మ పాపచేత పలకమీద తెలుగు అక్షరాలు దిద్దిస్తోంది, హిందూపురం వెళ్ళని వారం వీడియో కాల్‌లో. దిద్దేదానికన్నా కబుర్లే ఎక్కువనుకోండి.

ఒకసారి కోచ్‌ని "నా స్థానంలో మీరుంటే ఏం చేసేవారు మేడం?" అని అడక్కుండా ఉండలేకపోయాను. "నేనేం చేస్తానో తెలిస్తే మీకేం తేలుతుంది?" అన్నారు నవ్వి. చివరి సెషన్‌లో మాత్రం పనికొచ్చే ప్రశ్న అడిగారు. ఏం జరిగితే ఈ నిర్ణయాన్ని మళ్ళీ తిరగతోడతారు అని. రెండు రాశాను. అమ్మ ఒక్కతే ఉండలేని పరిస్థితి వస్తే, మా ఇద్దరిలో ఎవరి ఉద్యోగమైనా పోతే. ఆ కాగితం చూసి మా ఆవిడ పెన్ను తీసుకుని మూడోది చేర్చింది: ఇంటి ఓనర్ అద్దె మళ్ళీ పెంచితే.