కొవ్వులోకి దూరిన కణాలు

ఇంగ్లండ్ ఉత్తరాన టైన్ నది ఒడ్డున ఉన్న ఈ ఊళ్లలో ఛాతీలో నీరు చేరి ఒక ముసలాయన ఆస్పత్రికి వస్తే, డాక్టర్ అడిగే మొదటి ప్రశ్నల్లో ఒకటి "ఏ యార్డులో పనిచేశారు?" అని. నేను ఇక్కడ పాథాలజిస్టుని. రోగిని చూడను. ఊపిరితిత్తి మీది పొర నుంచి, ఛాతీ గోడ నుంచి తీసిన ముక్కలే నా దగ్గరికి వస్తాయి. వాటిలో నేను వెతికేది మీసోథీలియోమా, అంటే ఆస్బెస్టాస్ దుమ్ము వల్ల ఎక్కువగా ఆ పొరకి వచ్చే క్యాన్సర్.

వాల్‌సెండ్, జారో, సౌత్ షీల్డ్స్ అన్నీ ఒకప్పుడు ఓడలు కట్టిన ఊళ్లు. బాయిలర్లకీ ఆవిరి పైపులకీ వేడి పోకుండా ఆస్బెస్టాస్ చుట్టేవాళ్లు. ఆ పనివాళ్లని లాగర్లు అంటారు. పక్కనే ఉన్న వెల్డర్లు, వడ్రంగులు, ఎలక్ట్రీషియన్లు కూడా అదే దుమ్ము పీల్చారు. ఇంట్లో ఆ బట్టలు దులిపి ఉతికిన ఆడవాళ్లకీ ఈ జబ్బు వచ్చింది. 1960లో వాగ్నర్, ఆయన సహచరులు దక్షిణాఫ్రికా నీలం ఆస్బెస్టాస్ గనుల ప్రాంతం నుంచి 33 మంది వివరాలు ప్రచురించారు. అందులో గనిలో దిగినవాళ్లే కాదు, ఆ చుట్టుపక్కల పెరిగినవాళ్లూ ఉన్నారు. బ్రిటన్ నీలం, గోధుమ రంగు రకాలని 1985లో, తెల్లదాన్ని 1999లో నిషేధించింది. కానీ దుమ్ము పీల్చిన ముప్పై నలభై ఏళ్లకి, ఒక్కోసారి ఇంకా ఆలస్యంగా, మీసోథీలియోమా బయటపడుతుంది. అందుకే ఆ స్లైడ్లు నాకు ఇంకా వస్తూనే ఉన్నాయి.

ఎక్కువ కేసులు ఎపిథెలియాయిడ్ రకం, అంటే కణాలు మామూలు పొర కణాల్లా కనిపించేది. కణాల్లోని ప్రోటీన్లని రంగుతో పట్టించే స్టెయిన్లలో కాల్‌రెటినిన్, డబ్ల్యూటీ1 పడతాయి, టీటీఎఫ్1, బెర్‌ఈపీ4 లాంటి లంగ్ క్యాన్సర్ మార్కర్లు పడవు. పడాల్సినవి కనీసం రెండు, పడకూడనివి కనీసం రెండు చూసి రిపోర్ట్ రాస్తాం. నాకు టెన్షన్ పెట్టేది డెస్మోప్లాస్టిక్ రకం. కణాలు సన్నగా సాగి ఉండే సార్కోమటాయిడ్ కుటుంబంలో అరుదైనది. గడ్డలో సగానికి పైగా గట్టి కొల్లాజెన్ నారే ఉంటుంది. ఆ నారలో అక్కడక్కడా సన్నటి కణాలు, చూడ్డానికి ఏ హానీ చెయ్యనట్టు ఉంటాయి. ఇన్‌ఫెక్షన్ తగ్గాక పొర మీద మిగిలిపోయే మచ్చ కూడా అచ్చం ఇలాగే కనిపిస్తుంది. మచ్చ అని రాస్తే రోగి ఊపిరి పీల్చుకుని ఇంటికి వెళతాడు. క్యాన్సర్ అని రాస్తే మిగిలిన బతుకు నెలల లెక్కలోకి వస్తుంది.

మచ్చకి ఒక వరస ఉంటుంది. పొర పైభాగంలో కణాలు దట్టంగా, ఛాతీ గోడ వైపు వెళ్లేకొద్దీ పలచగా ఉంటాయి. సన్నటి రక్తనాళాలు కింది నుంచి పైకి నిటారుగా వస్తాయి. డెస్మోప్లాస్టిక్‌లో ఆ వరస ఉండదు. తర్వాత కెరటిన్ అనే ప్రోటీన్‌కి స్టెయిన్ వేస్తాం. అది పడినంత మాత్రాన క్యాన్సర్ కాదు, మచ్చలోని కణాలకి కూడా పడుతుంది. రంగు పట్టిన కణాలు ఎక్కడిదాకా వెళ్లాయన్నదే చూడాలి. ఛాతీ గోడ కొవ్వులోకి దూరాయంటే అది మచ్చ కాదు. ఇక్కడ కూడా మోసపోయే అవకాశం ఉంది. గట్టిపడిన పొరలో ఖాళీ సందులు ఏర్పడి అచ్చం కొవ్వులా కనిపిస్తాయి. ఎస్100 స్టెయిన్ వేస్తే నిజమైన కొవ్వు కణాలు రంగు పట్టుకుంటాయి, ఉత్త సందులు పట్టుకోవు.

చిన్న ముక్కలో అసలు కొవ్వే రాకపోతే 'ఇది సరిపోదు, లోతుగా ఇంకో బయాప్సీ కావాలి' అని రాస్తాను. ఆయాసంతో ఉన్న మనిషిని మళ్లీ ఆపరేషన్ థియేటర్‌కి పంపమనడం నాకూ కష్టంగానే ఉంటుంది. అయినా ఊహించి రాసిన పేరు కన్నా అదే నయం.

జన్యు పరీక్షలు వచ్చాక కొంత ధైర్యం వచ్చింది. ఎపిథెలియాయిడ్‌లో బీఏపీ1 ప్రోటీన్ కణ కేంద్రకంలో కనిపించకుండా పోవడం పెద్ద ఆధారం. సార్కోమటాయిడ్ రకాల్లో అది చాలాసార్లు నిలిచే ఉంటుంది. అప్పుడు కణంలోని జన్యువులని మెరిసే రంగుతో చూపించే ఫిష్ పరీక్షలో సీడీకేఎన్2ఏ జన్యువు రెండు ప్రతులూ పోయాయా అని చూస్తాం. పోతే మచ్చ కాదని గట్టిగా చెప్పొచ్చు. పోలేదంటే మాత్రం క్యాన్సర్ లేదని కాదు. లింఫోహిస్టియోసైటాయిడ్ అని ఇంకో అరుదైన రూపం ఉంది. తెల్ల రక్తకణాలు గుంపుగా కమ్మేయడంతో, ఆ తెల్ల కణాలకే వచ్చే లింఫోమా క్యాన్సర్‌లా కనిపిస్తుంది. అక్కడ కూడా మధ్యలో దాగిన కణాలని పట్టించేది కెరటినే.

మా దగ్గర ట్రైనింగ్‌లో ఉన్న గుంటూరు అమ్మాయి ఒకసారి అడిగింది. "అక్కా, ఈ రోగి జీవితమంతా లాగర్‌గా చేశాడని ఫారంలో ఉంది కదా, ఇంకా అనుమానం ఎందుకు?"

"ఫారం పక్కన పెట్టమ్మా. లాగర్లకీ మామూలు మచ్చలు పడతాయి. ఆస్బెస్టాస్ ఎరగని వాళ్లకీ ఈ జబ్బు వస్తుంది. స్లైడ్‌లో ఏముందో అది రాయి" అన్నాను.

రకం పేరు మీద వైద్యం ఆధారపడుతుంది. చెక్‌మేట్ 743 ట్రయల్‌లో నివోలుమాబ్, ఇపిలిముమాబ్ అనే ఇమ్యూనోథెరపీ మందులు కలిపి ఇస్తే పాత కీమో కన్నా వచ్చిన మేలు ఎపిథెలియాయిడ్ కాని రకాల్లోనే ఎక్కువగా కనిపించింది. రిపోర్ట్ వెళ్లాక మాత్రం పని చరిత్రే ముఖ్యం. ఇంగ్లండ్‌లో ఈ జబ్బుతో పోయినవాళ్ల విషయం మరణ కారణం విచారించే అధికారి కరోనర్ దాకా వెళుతుంది. యజమాని గానీ బీమా కంపెనీ గానీ ఆచూకీ దొరకని వాళ్లకి 2014 చట్టం కింద పరిహారం ఉంది. నేను రాసిన పేరు లేకపోతే వీటిలో ఏదీ కదలదు.

మన దేశంలో ఛాతీలో నీరు అంటే ముందు టీబీ అనుకుంటారు. అది తప్పు కాదు, ఎక్కువమందికి అదే కారణం. మందులు వాడినా నీరు మళ్లీ మళ్లీ చేరుతున్నప్పుడు కూడా పొర ముక్క తీయకపోవడమే నన్ను బాధపెట్టేది. మన కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో తెల్ల ఆస్బెస్టాస్ గనులు ఉండేవి. ఆస్బెస్టాస్ సిమెంటు రేకుల కప్పు లేని ఊరు మనకి లేదు, రేకులు కోసినవాళ్లకి లెక్క లేదు. ఆస్బెస్టాస్ కార్మికుడి ఆరోగ్య రికార్డు పనిలో చేరినప్పటి నుంచి 40 ఏళ్లు, లేదా పని మానేశాక 15 ఏళ్లు, ఏది తర్వాతైతే అంతవరకు ఉంచాలని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. నేను పీజీ చేసిన చోట బయాప్సీ ఫారంలో వృత్తి గడి ఎప్పుడూ ఖాళీగానే వచ్చేది.

మొన్న విజయవాడ నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. బాబాయి రేకుల కోత దగ్గర చాలా ఏళ్లు పనిచేశారు, ఇప్పుడు ఛాతీలో నీరు ఆగడం లేదు. స్లైడ్ ఫొటోలు వాట్సాప్‌లో పంపాడు. "ఫొటో చూసి చెప్పను రా, చెప్పకూడదు. ల్యాబ్‌లో బయాప్సీ ముక్కని దాచిన మైనం బ్లాక్ ఉంటుంది, రాతపూర్వకంగా అడుగు. కొత్త స్టెయిన్లు వెయ్యాలన్నా, ఫిష్ చెయ్యాలన్నా అదే కావాలి. ఊపిరితిత్తుల కేసులు ఎక్కువ చూసే పాథాలజిస్టుకి ఇవ్వు" అన్నాను.

"ఇంకేమైనా కావాలా అక్కా?"

"బాబాయి ఏ ఏడు నుంచి ఏ ఏడు దాకా, ఏ సెక్షన్‌లో చేశారో ఆయన నోటే చెప్పించుకుని రాసి పెట్టు. జీతం చీటీలు ఏవైనా ఉంటే వాటినీ జాగ్రత్త చెయ్యి. స్లైడ్ చదవడానికి కాదు, ఆ తర్వాత కావాల్సి వస్తుంది."