అరికాళ్ల దగ్గర మొదలైంది

పానిక్ అటాక్ మొదటిసారి నాకు మద్దిలపాలెం దగ్గర ఆర్టీసీ బస్సులో వచ్చింది. గుండె దడదడలాడింది, వేళ్లు తిమ్మిరెక్కాయి, గొంతు బిగుసుకుపోయింది. ప్రాణం పోతోందనే అనుకున్నాను. ఆస్పత్రిలో ఈసీజీ, టూడీ ఎకో, థైరాయిడ్ పరీక్ష, అన్నీ బాగానే వచ్చాయి. ‘మీకేం లేదమ్మా, టెన్షన్ తగ్గించుకోండి’ అని పంపేశారు. ఆ మాటతో భయం ఇంకా పెరిగింది. ఏమీ లేకపోతే మళ్లీ మళ్లీ ఎందుకొస్తోంది?

సైకియాట్రిస్టు అంటే ఇంట్లో ఒప్పుకోలేదు. విశాఖలో మనసు వైద్యం మాటెత్తితే చాలు, వాల్తేరులోని మానసిక ఆస్పత్రి పేరు చెప్పి నవ్వేవాళ్లు ఇంకా ఉన్నారు. చెల్లి పట్టుబట్టి తీసుకెళ్లింది. ఆ డాక్టరుగారు నా జబ్బుకి పేరు చెప్పారు. అటాక్ సాధారణంగా 10 నిమిషాల్లోపే తారస్థాయికి వెళ్లి, ఆ తర్వాత దానంతటదే దిగుతుందట. మాత్ర పూర్తిగా పనిచెయ్యడానికి కొన్ని వారాలు పడుతుందనీ, నా అంతట నేను ఆపకూడదనీ గట్టిగా చెప్పారు.

ఎంవీపీ కాలనీలో ఆదివారం పొద్దున్నే కొద్దిమందిమి ధ్యానానికి కూర్చుంటాం. వియత్నాం భిక్షువు తిక్ నాట్ హాన్ చెప్పిన పద్ధతి. ఆయన 1982లో ఫ్రాన్స్‌లో మొదలుపెట్టిన ప్లమ్ విలేజ్‌లో గంట మోగితే ఎవరే పనిలో ఉన్నా ఆగి శ్వాసను గమనిస్తారు. నాకు ఆ శ్వాస దగ్గరే చిక్కు. గమనించడం మొదలుపెట్టగానే గాలి చాలనట్టుండేది, గట్టిగా పీల్చేదాన్ని, తల తిరిగేది. అతిగా పీలిస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి తిమ్మిరి, తలతిరుగుడు వస్తాయని డాక్టరుగారు చెప్పాకే కారణం తెలిసింది.

మా ధ్యాన సంఘంలో రిటైరైన నర్సు ఒకరున్నారు. అందరం అక్కగారూ అంటాం. ‘ఊపిరిని వదిలెయ్యమ్మా. అరికాళ్లు నేలకి ఎక్కడెక్కడ తగులుతున్నాయో చూడు చాలు’ అన్నారు. మడమ, బొటనవేలి కింద కండ, చల్లటి మొజాయిక్ నేల. అక్కడ నాకు భయం లేదు. ఉప్మా తిన్నాక పళ్లేలు కడగడం నా వంతు అడిగి తీసుకున్నాను. జిడ్డు వదిలి వేలి కింద స్టీలు కిర్రుమనడం, అంచున చుక్కలతో చెక్కిన ఎవరిదో పేరు. ఆ కాసేపూ గుండె సంగతే గుర్తుండేది కాదు.

అప్పుడప్పుడు భీమిలి రోడ్డులో తొట్లకొండకి వెళ్లి మౌనంగా నడుస్తాం. రెండు వేల ఏళ్ల కిందట బౌద్ధ భిక్షువులు కలిసి బతికిన చోటు. వాళ్ల గదుల పునాదులు, రాతిలో తొలిచిన నీటి తొట్లు ఇంకా ఉన్నాయి. ఓసారి ఎక్కుతుంటే గుండె వేగం పెరిగింది, వెంటనే భయం పట్టుకుంది. అక్కగారు ఆగారు, వెనకవాళ్లూ ఆగారు. ఎవరూ గాలి విసరలేదు, ఏమైందని చుట్టూ మూగలేదు. నాతోపాటు నిలబడ్డారంతే. అది రావడమూ, దిగడమూ మొదటిసారి పూర్తిగా చూశాను.

ఇప్పుడు అటాక్స్ చాలా అరుదు. డోసు డాక్టరుగారే మెల్లగా తగ్గిస్తున్నారు. ధ్యానం చేస్తే మాత్రలు అక్కర్లేదని సలహా ఇచ్చేవాళ్లంటే నాకు కోపం. వాళ్ల మాట నమ్మి ఆపేసినవాళ్ల బాధ ఎవరు పడతారు? మా దగ్గరికి కొత్తగా ఎవరైనా వస్తే, చాప వెయ్యకముందే అక్కగారు పక్కకి పిలిచి ఏం మందులు వాడుతున్నారో, వేళకి వేసుకుంటున్నారో లేదో అడుగుతారు.