అమ్మ నక్షత్రం

అర్చన చేయించే ప్రతిసారీ అమ్మ గోత్రంతో పాటు పుష్యమీ నక్షత్రమని చెబుతుంది. 68 ఏళ్లుగా తనదని చెప్పుకుంటున్న ఆ నక్షత్రాన్ని మాత్రం ఎన్నడూ చూడలేదు. చూపించాలనే మొన్న పుష్య అమావాస్యకు గండికోట తీసుకువెళ్లాను. నిండు చంద్రుడు పుష్యమి దగ్గర ఉంటాడు కనుకే ఆ నెలకు ఆ పేరు. ఆ వెన్నెలలో పుష్యమి కనబడదు. అందుకే అమావాస్య.

జమ్మలమడుగు నుంచి ఆటోలో చేరేసరికి పొద్దు వాలింది. పెన్నా లోయ అంచున కాసేపు నిలబడి, కోట బయట ఖాళీ స్థలంలో చాప పరిచాం. తూర్పున జమ్మలమడుగు దీపాల వెలుగు తప్ప అంతా చీకటి. కళ్లు ఆ చీకటికి అలవాటు పడేందుకు అరగంట ఫోన్లు ముట్టుకోలేదు.

నాది 10×50 బైనాక్యులర్. నక్షత్ర గుచ్ఛాలకు పెద్ద టెలిస్కోపు కంటే ఇదే నయమని నా నమ్మకం. టెలిస్కోపులో కృత్తికలు సాధారణంగా ఒక్కసారిగా పట్టవు. ఇందులో చుట్టూ ఆకాశంతో సహా నిండుగా కనిపిస్తాయి. అయితే పదింతలు దగ్గరగా చూపే అద్దం చేతి వణుకునూ పదింతలు చేస్తుంది. వెల్లకిలా పడుకుని మోచేతులు ఛాతీకి ఆనించాలి.

ముందు నడినెత్తిన ఉన్న కృత్తికలు చూపించాను. "ఇది పిల్లలకోడి కదే!" అంది అమ్మ. చలికాలం రాత్రి పొలంలో తాతయ్య దాన్ని చూసి పొద్దు చెప్పేవాడట. నాకు ఇన్నేళ్లూ తెలియని సంగతి.

పుష్యమి కోసం పదకొండు దాకా ఆగాం. పునర్వసు జంటకూ మఖకూ సుమారు సగం దారిలో చిన్న మసక మరక. నేరుగా చూస్తే మాయమవుతుంది, చూపు కాస్త పక్కకు తిప్పితే తేలుతుంది. అది మబ్బు కాదు, నలభైకి పైగా చిన్న నక్షత్రాల గుంపు అని గెలీలియో 1610లో రాశాడు. దూరం దాదాపు 600 కాంతి సంవత్సరాలు. విజయనగరాన్ని సంగమ వంశం ఏలుతున్న రోజుల్లో బయలుదేరిన వెలుగు ఇప్పుడు మా చాప మీదికి చేరుతోంది.

"ఏమీ లేదే, పొగలా ఉంది."

"అద్దాల్లోంచి చూడమ్మా."

చాలాసేపు మాట లేదు. తర్వాత, "ఒక్కటనుకున్నాను. ఇన్నా!" అంటూ లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఇరవై మూడు దాకా వచ్చేసరికి చేయి కదిలి లెక్క చెదిరింది. శాలువా మడిచి మోచేతుల కింద పెట్టాను. మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టింది.